కరువు వల్లే నాగరికతలు కూలాయా? చెరువుల మీద పనిచేసిన ఒక ఇంజనీరు జవాబు

మీ ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. సింధు, మధ్య అమెరికాలోని మాయా, కంబోడియాలోని అంగ్‌కోర్ నాగరికతలు వాతావరణం మారడం వల్లే అంతరించాయని ఒక వీడియోలో చెప్పారు, అది నిజమేనా? అదే లెక్కన కాకతీయ రాజ్యం కూడా కరువుతో పడిపోయిందని పరీక్షలో రాయవచ్చా? ఆ ప్రమాదం ఇప్పుడు మన ఉత్తర తెలంగాణకు ఉందా?

ముందు సూటిగా చెబుతాను. పర్యావరణం పాత్ర ఉంది, కొన్నిచోట్ల చాలా పెద్దదే. కానీ కరువు వచ్చిన ప్రతి రాజ్యమూ కూలలేదు, కూలిన ప్రతి రాజ్యానికీ కరువు రాలేదు. నీళ్లను నిలబెట్టే ఏర్పాటును బాగుచేసేవాళ్లు ఆ పని వదిలేశాక వచ్చిన కరువో వరదో ప్రాణాంతకం అవుతుంది. కాకతీయుల విషయానికి వస్తే, ఓరుగల్లు దండయాత్రలతో పడింది. కరువుతో పడిందని దయచేసి రాయకండి.

నేను చరిత్రకారుణ్ణి కాను. నీటిపారుదల ఇంజనీరుగా నా ఉద్యోగంలో ఎక్కువ భాగం వరంగల్, ములుగు, మహబూబాబాద్ వైపు చెరువుల మీదే గడిచింది. ఏడు, ఎనిమిది వందల ఏళ్ల నాటి కట్ట ఇంకా ఎలా నిలబడిందన్న కుతూహలంతో శాసనాలు, ఆ తరువాత ఇతర దేశాల సంగతులు చదవడం మొదలుపెట్టాను. కాబట్టి కట్ట ఎందుకు తెగుతుందో నా అనుభవం నుంచి, మిగిలింది చదువు నుంచి చెబుతాను.

మన ఇంటి నుంచే మొదలుపెడదాం. 1303 నుంచి 1323 వరకు రెండు దశాబ్దాల్లో ఢిల్లీ సేనలు ఓరుగల్లు మీదికి ఐదుసార్లు వచ్చాయి. మొదటిసారి ఓడి వెనక్కి పోయాయి. 1310లో మాలిక్ కాఫర్ ముట్టడి తరువాత ప్రతాపరుద్రుడు కప్పానికి ఒప్పుకున్నాడు. ఆ కప్పంలో వెళ్లిన ఏనుగులు, గుర్రాలు, సంపద గురించి ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో గొప్పగా రాశాడు. కరువుతో మాడిపోతున్న రాజ్యం అంత ఇచ్చుకోలేదు. చివరికి 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ చేతిలో కోట పడింది. దక్కనులో దుర్గాదేవి కరువు అని చెప్పుకునే ఘోరమైన క్షామం 14వ శతాబ్దం చివరిది, అంటే ఓరుగల్లు పడిన తరువాత దాదాపు రెండు తరాలకు. దాన్ని తెచ్చి కాకతీయ పతనానికి అంటగట్టేవాళ్లు కనిపిస్తుంటారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వాదన నిలవదు.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. రాజ్యం పోయింది, రాజధాని పేరు కూడా సుల్తాన్‌పూర్ అని మార్చారు, రాజవంశం చెదిరిపోయింది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు మాత్రం నేటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించి శాసనం వేసింది 1213లో. ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు అందరూ శిల్పాల గురించి, నీటిలో తేలే ఇటుకల గురించి మాట్లాడారు. పక్కనే ఉన్న చెరువు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నన్నడిగితే ఇంజనీరింగ్ గొప్పతనంలో అది గుడికి ఏమాత్రం తీసిపోదు.

రాజు పోయినా చెరువు ఎందుకు బతికింది? దాని బాగోగులు రాజు ఖజానాతో ముడిపడి లేవు కాబట్టి. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో, అంటే పేరును శాశ్వతంగా నిలబెట్టే ఏడు పుణ్యకార్యాల్లో ఒకటి, కాబట్టి సేనానులు, నాయకులు, రాజకుటుంబపు స్త్రీలు కూడా పుణ్యం కోసం, పేరు కోసం తవ్వించారు. బయ్యారం చెరువును గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించింది. ఇక మరమ్మతులకు దశబంధం ఉండేది: చెరువు కట్టినవాడికి, బాగుచేసినవాడికి దాని కింద సాగయ్యే భూమిలోనో ఫలసాయంలోనో పదో వంతు దక్కేది. తూము తీసి మూసే నీరటికి కల్లం దగ్గరే వడ్లు కొలిచేవారు. చెరువు నిండితే అతని గంప నిండుతుంది, లేకపోతే లేదు. ఢిల్లీలో ఎవరు గద్దెనెక్కినా ఆ లెక్క మారదు.

ఇప్పుడు చెరువు ఎలా చస్తుందో చెప్పాలి, ఎందుకంటే అంగ్‌కోర్ కథ అర్థం కావాలంటే ఇది తెలియాలి.

మట్టికట్ట ఒక్క రోజులో తెగినట్టు కనిపిస్తుంది కానీ, ఆ తెగడం ఏళ్ల ముందే మొదలవుతుంది. కట్ట మీద తుమ్మలు, సర్కారు కంపలు మొలుస్తాయి. మా శాఖలో జంగిల్ కటింగ్ అనే పని ఏటా చేయాలి, చాలాచోట్ల బిల్లుల్లోనే జరుగుతుంది. చెట్టు బతికి ఉన్నంత కాలం వేరు మట్టిని పట్టి ఉంచుతుంది. చెట్టు ఎండాక వేరు కుళ్లి, కట్ట మధ్యలో గొట్టం లాంటి దారి మిగులుతుంది. దానికి ఎలుకలు, ఎండ్రకాయలు చేసే బొరియలు తోడవుతాయి. వరసగా రెండేళ్లు వానలు లేక చెరువు ఎండితే కట్టలోని నల్లమట్టి నెర్రెలిస్తుంది. మూడో ఏడు ఒక్కసారిగా పెద్ద వాన పడి చెరువు నిండితే, ఆ నెర్రెల్లోంచి, బొరియల్లోంచి నీళ్లు దారి వెతుక్కుంటాయి.

అప్పుడు చూడాల్సింది కట్ట పైన కాదు, వెనక పాదం దగ్గర. అక్కడ ఊట ఉండడం మామూలే, ప్రతి పాత కట్టకూ ఉంటుంది. చేత్తో పట్టి చూస్తే నీళ్లు తేటగా ఉన్నంతసేపు భయం లేదు. అవే నీళ్లు మట్టిరంగుకు తిరిగాయంటే లోపల కట్ట కరిగి బయటికి వస్తోందన్నమాట, అంటే బుంగ పడింది. ఆ క్షణం నుంచి మీ చేతిలో కొద్ది గంటలే ఉంటాయి. ములుగు వైపు ఒక ఊళ్లో తెల్లవారుజామున ఒక ముసలి నీరటి ఫోను చేయించి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు: "సారూ, ఊట ఎర్రబడ్డది." ఆ ఒక్క మాటకు ఊరంతా ఇసుక బస్తాలతో కదిలింది, కట్ట దక్కింది. పక్క మండలంలో అదే వానకు ఇంకో చెరువు తెగింది. అక్కడ ఊట చూసే మనిషే లేడు, నీరటి చనిపోయాక ఆ పని ఎవరికీ అప్పగించలేదు. రెండు చోట్లా వాన ఒకటే, కట్టలు కూడా ఇంచుమించు ఒకే ఈడువి.

మనవి గొలుసుకట్టు చెరువులు కావడం మరో చిక్కు. పై చెరువు మత్తడి (అలుగు) దూకిన నీళ్లు కింది చెరువులోకి పోతాయి. మంచి రోజుల్లో ఇది వరం, ఒక్క చుక్క వృథా కాదు. పై చెరువుకు గండి పడితే మాత్రం ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కిందిదాని మీద పడతాయి, ఆ మత్తడికి అంత నీటిని పంపే వెడల్పు ఉండదు, అదీ తెగుతుంది. అలా గొలుసంతా పోతుంది.

అంగ్‌కోర్‌లో జరిగింది ఇంచుమించు ఇదే, వందల రెట్లు పెద్ద కొలతలో. ఖ్మేర్ రాజులు సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న నగరాన్ని కాలువలు, కట్టలు, బారాయ్ అనే మహా చెరువులతో అల్లారు. పశ్చిమ బారాయ్ ఒక్కటే దాదాపు 8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు. వియత్నాం కొండల్లోని పాత చెట్ల వలయాలను బట్టి చూస్తే 14వ శతాబ్దం మధ్యలో దశాబ్దాల పాటు, మళ్లీ 15వ శతాబ్దం తొలి పాతికేళ్లలో వానలు బాగా తగ్గాయి. ఆ మధ్య కాలంలో మాత్రం కొన్నేళ్లు విపరీతంగా కురిశాయి. నగరానికి దక్షిణాన ఒక కాలువ ముతక ఇసుకతో, గులకరాళ్లతో పూడిపోయి ఉండడం తవ్వకాల్లో కనిపించింది. అంత బరువైన ఇసుకను మోసుకొచ్చేది వరదే. ఎండి నెర్రెలిచ్చిన ఏర్పాటు మీద వరద వచ్చి పడితే ఏమవుతుందో పైన చెప్పాను.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, వీడియోలు దాన్ని చెప్పవు. నగరం నడిబొడ్డున ఉన్న అంగ్‌కోర్ థోమ్ కోట కందకంలోని మట్టి పొరలను పరిశీలించినవాళ్లు, 14వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచే నగరం మధ్యభాగంలో జనం కార్యకలాపాలు తగ్గుతూ వచ్చాయని తేల్చారు. అంటే పెద్ద కరువుకు ముందే అధికారంలో ఉన్న కుటుంబాలు అక్కడి నుంచి కదలడం మొదలైంది. కందకంలో మొక్కలు మొలిచాయి, తీసేవాళ్లు లేరు. సముద్ర వ్యాపారం పెరిగి, దక్షిణాన నదుల కూడలి వైపు అధికారం జారిపోతున్న కాలం అది. 1431లో పొరుగున ఉన్న థాయ్ రాజ్యం అయుత్థయ సైన్యం వచ్చేసరికి, నేను చూసినంత వరకు, అది అప్పటికే పట్టించుకునే దిక్కులేని చెరువు. మన దగ్గర దశబంధం లాంటిది అక్కడ ఎంత ఉండేదో చరిత్రకారులే చెప్పాలి. కానీ వెయ్యి చదరపు కిలోమీటర్ల ఏర్పాటు ఒక్కటిగా అల్లుకుని ఉన్నప్పుడు ఒక ఊరి జనం పలుగూ పారా పట్టుకుని దాన్ని కాపాడుకోలేరు. పాకాలను కాపాడుకోగలరు. ఆ తేడా చాలా పెద్దది.

మాయాల సంగతి కొంచెం వేరు, కరువు సాక్ష్యం అన్నిటికన్నా బలంగా ఉన్నది ఇక్కడే. మెక్సికోలోని యుకటాన్‌లో ఉన్న చిచంకనాబ్ సరస్సు అడుగున పేరుకున్న జిప్సం పొరల్లో చిక్కుకున్న నీటిని పరీక్షించి, క్రీ.శ. 800-1000 మధ్య కరువుల్లో వాన దాదాపు సగానికి తగ్గిందని 2018లో లెక్కగట్టారు. దక్షిణాన ఉన్న మాయా మహానగరం టికాల్‌లో తేదీ ఉన్న చివరి శిలాస్తంభం 869 నాటిది. ఇంతవరకు వీడియో చెప్పింది సరైనదే. కానీ అదే కరువులో, దక్షిణం కన్నా ఎప్పుడూ తక్కువ వాన పడే ఉత్తరాన, చిచెన్ ఇట్జా అనే మరో మాయా నగరం వెలిగింది. కారణాల్లో ఒకటి నేల అడుగు నీరు. ఉత్తరాన సెనోటేలనే సహజ బావుల్లో నీళ్లు అందుతాయి. టికాల్ దగ్గర నది లేదు, భూగర్భ జలం చాలా లోతు, వాన నీళ్లు పట్టుకున్న చెరువులే గతి. ఆ చెరువుల్లో రాజప్రాసాదం పక్కనున్న వాటి అడుగు మట్టిలో పాదరసం, విషపు నాచు ఆనవాళ్లు దొరికాయి. గోడలకు పూసిన ఎర్రరంగు ఇంగిలీకం (పాదరసం ఉండే ఖనిజం) వానకు కడుక్కుపోయి తాగే నీటిలో కలిసిందన్నమాట. నీళ్లు తగ్గేకొద్దీ విషం చిక్కబడుతుంది. వానలు తెస్తానని చెప్పుకుని గద్దెనెక్కిన రాజు ఆ స్థితిలో ఎవరికి ముఖం చూపించగలడు?

ఇంకో మాట, మాయా జనం "అంతరించలేదు". గ్వాటెమాలాలో, మెక్సికోలో ఈ రోజుకూ లక్షల మంది మాయా భాషలు మాట్లాడుతున్నారు. పోయింది రాజుల నగరాలు.

సింధు గురించి క్లుప్తంగా. సుమారు 4,200 ఏళ్ల కిందట పెద్ద పొడి దశ మొదలైందని మేఘాలయలోని మావ్‌మ్లుహ్ గుహలో పైనుంచి కారే నీటితో పేరుకున్న రాతి పొరల ఆధారంగా గుర్తించారు. భూగర్భ శాస్త్రవేత్తలు 2018లో ఆ కాలం నుంచి నేటి వరకు ఉన్న దశకు మేఘాలయన్ అని పేరు పెట్టారు. కానీ హరప్పా మహానగరాలు సన్నగిల్లింది క్రీ.పూ. 1900 ప్రాంతంలో. కరువు మొదలవడానికీ నగరాలు ఖాళీ కావడానికీ మధ్య మూడు శతాబ్దాల దూరం ఉంది. ఆ మూడు వందల ఏళ్లు జనం ఊరికే కూర్చోలేదు. తూర్పుకు, గుజరాత్ వైపుకు జరిగారు, చిరుధాన్యాల సాగు పెంచారు, చిన్న ఊళ్లలో సర్దుకున్నారు. ధోలావీరాలో రెండు వాగుల నీటిని రాతి జలాశయాల్లోకి మళ్లించిన తీరు చూస్తే, తక్కువ నీళ్లతో బతకడం వాళ్లకు కొత్తేమీ కాదని తెలుస్తుంది. పోయినవి లిపి, తూనికరాళ్లు, పెద్ద ఊళ్లు. రైతు పోలేదు. దీన్ని పతనం అనాలా, మకాం మార్పు అనాలా అన్నది మీరు ఎక్కడ నిలబడి చూస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ముద్రలు చెక్కే పనివాడికి పతనమే, జొన్నలో సామలో చల్లుకునేవాడికి కాకపోవచ్చు.

వాన లేకపోవడం కన్నా నాకు ఎక్కువ భయం నెమ్మదిగా జరిగే వాటి మీద: పూడిక, ఉప్పు. కరువు అందరికీ కనిపిస్తుంది, దేవుడికి మొక్కుతారు, ప్రభుత్వాన్ని తిడతారు, ఏదో ఒకటి చేస్తారు. ఉప్పు మాత్రం ఒక తరం జీవితంలో కంటికి ఆనదు. దక్షిణ మెసొపొటేమియాలో కాలువ నీళ్లతో శతాబ్దాల పాటు సాగు చేశారు. మురుగు నీరు దిగే దారి లేక నేల అడుగు నీటిమట్టం పైకి వచ్చింది, దాంతో ఉప్పు పైకి వచ్చింది. క్రీ.పూ. 3500 ప్రాంతంలో గోధుమ, బార్లీ ఇంచుమించు సమానంగా పండేవని, క్రమంగా ఉప్పును తట్టుకునే బార్లీయే మిగిలి, క్రీ.పూ. 1700 నాటికి గోధుమ కనుమరుగైందని 1958లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధన వాదించింది. ఆ అంకెలను తరువాతి పండితులు గట్టిగానే ప్రశ్నించారు, కాబట్టి పరీక్షలో "ఒక వాదన ప్రకారం" అని రాయండి. ఉప్పు పైకి రావడం మాత్రం నిజం, దాన్ని చూడడానికి ఇరాక్ దాకా పోనక్కరలేదు. కాలువ నీళ్లు పుష్కలంగా వచ్చి, మురుగు కాలువలు పూడిపోయిన పల్లపు పొలాల్లో మన దగ్గరా చౌడు తెల్లగా పేరుతుంది. మొదటి పదేళ్లు దిగుబడి చూసి అందరూ సంతోషిస్తారు.

ఇక మీ మూడో ప్రశ్న, మన సంగతి. ఉత్తర తెలంగాణలో వాన పూర్తిగా ఆగిపోయే ప్రమాదం నాకు కనిపించడం లేదు. వాన కురిసే తీరు మాత్రం భయపెడుతోంది. వరంగల్ వైపు ఏడాదికి 900 నుంచి 1000 మిల్లీమీటర్లు కురవడం మామూలు. 2023 జులై ఆఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. అదే వానకు మోరంచపల్లిని వాగు ముంచెత్తింది, ఎన్నో చెరువులకు గండ్లు పడ్డాయి. ఏ కాకతీయ ఇంజనీరూ ఆ వానకు మత్తడి కట్టి ఉండడు, నేనూ కట్టి ఉండను. అంతటి వానలోనూ పాత పెద్ద చెరువులు చాలావరకు తట్టుకున్నాయి. 2020 ఆగస్టులో వరంగల్, హన్మకొండ కాలనీల్లో పడవలు తిరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వాన దీనంత పెద్దది కాదు. నాలాల మీద ఇళ్లు లేచాయి, నీళ్లు పాత దారినే వచ్చాయి.

అసలు దెబ్బ ఇంకా లోతైనది. బోరు వచ్చాక ప్రతి రైతుకూ సొంత నీళ్లు వచ్చాయి. అందులో తప్పేమీ లేదు, నేను రైతునైనా వేయించుకునేవాణ్ణే. కానీ ఆ రోజు నుంచి తూము పాడైతే అడిగేవాడు తగ్గిపోయాడు. నీరటికి వడ్లు కొలవడం ఆగింది. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో ముందు పంట, తరువాత హద్దురాళ్లు, ఆ తరువాత ప్లాట్లు. ఒక ఊళ్లో చెరువు నిండితే తమ ప్లాట్లు మునుగుతాయని రాత్రికి రాత్రి మత్తడి రాళ్లు రెండు వరుసలు ఊడపీకారు. మర్నాడు నేను వెళ్లి కొలిస్తే కట్ట చెక్కుచెదరలేదు, చెరువు మాత్రం మూడో వంతు తగ్గిపోయింది. దీనికి వాతావరణ మార్పుతో సంబంధమే లేదు. విచిత్రం ఏమిటంటే ఆ బోర్లకు ఊట ఇచ్చేది కూడా అదే చెరువు.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో సుమారు 46 వేల చెరువులను పునరుద్ధరించాలని తలపెట్టారు. పూడిక తీసి ఒండ్రు మట్టిని పొలాలకు తోలుకున్నచోట ఫలితం కళ్లారా చూశాను: చెరువులో నీళ్లు పెరిగాయి, చేనులో ఎరువు ఖర్చు తగ్గింది. కానీ పూడిక ఒకసారి తీస్తే సరిపోయేది కాదు, అది ఏటా వస్తుంది. వచ్చే ఏడు ఎవరు తీస్తారన్న ప్రశ్నకు జవాబున్న ఊళ్లు వేరు, లేని ఊళ్లు వేరు. ప్రమాదం ఉందా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను, మీ ఊరి చెరువు ఏ రకందో ఒక్క పూటలో మీరే తేల్చుకోవచ్చు. తూము తాళం ఎవరి దగ్గరుందో అడగండి. వెంటనే ఒక పేరు చెబితే మంచిదే. నలుగురు నాలుగు పేర్లు చెబితే, లేదా తూముకు తాళం ఉంటుందా అని మిమ్మల్నే ఎదురడిగితే, ఆ చెరువుకు దిక్కులేదని అర్థం.

పరీక్ష కోసం రెండు సూచనలు. ఏ నాగరికత గురించి రాసినా కరువు తేదీని, నగరాలు ఖాళీ అయిన తేదీని పక్కపక్కనే రాయండి. మధ్యలో దూరం ఉంటే ఆ కాలంలో జనం ఏం చేశారో ఒక వాక్యం చేర్చండి. దిద్దేవాళ్లకు మీరు ఆలోచించారని తెలుస్తుంది.

రెండోది, పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవి. చెట్లన్నీ నరుక్కుని తమను తాము నాశనం చేసుకున్న జనంగా అందరూ దాన్నే మొదటి ఉదాహరణగా రాస్తారు. చెట్లు పోయిన మాట నిజమే. కానీ అక్కడి పాత మనుషుల జన్యువులను పరిశీలించి 2024లో వెలువడిన అధ్యయనంలో, 17వ శతాబ్దంలో జనాభా కుప్పకూలిన ఆనవాలేదీ కనిపించలేదు. ఆ దీవి జనాన్ని నిజంగా తుడిచిపెట్టింది 1862లో పెరూ నుంచి వచ్చిన బానిస వ్యాపారులు, వాళ్ల వెంట వచ్చిన మశూచి. 1877 నాటికి అక్కడ మిగిలింది 111 మంది. ఆ ఉదాహరణ వాడదలిస్తే ఈ సంగతి కూడా రాయండి, లేదంటే దాని జోలికి పోకండి.